సూడిదల కూడికకు ఏర్పాట్లు చేయడం ఎలా? (పెరట్లో కుక్క, పిల్లి ఉన్న ఇంటివారికి కాస్త వివరంగా)

శ్రీకాకుళం, విజయనగరం వైపు క్రైస్తవ కుటుంబాల్లో ఆడపిల్లకు నెలలు నిండుతున్నాయనగానే పుట్టింటివారు సూడిదలు పెట్టే ఆలోచనలో పడతారు. ఆ సూడిదలను చర్చిలో ప్రార్థన కూడికగా జరిపి, తరువాత ప్రేమవిందు పెట్టడం ఇప్పుడు చాలా సంఘాల్లో అలవాటయింది. స్త్రీల సమాజం తరఫున ఇలాంటి కూడికల వంటశాలలో చాలాకాలంగా నిలబడుతున్నందున నన్ను తరచుగా మూడు ప్రశ్నలు అడుగుతుంటారు. అరవై మందికి ఎన్ని కిలోల బియ్యం వండాలి? చలిమిడి గట్టిపడకుండా ఎలా చేయాలి? విందు అయ్యాక మా కుక్క ఎంగిలి విస్తళ్ళలో తల పెట్టింది, ఇప్పుడేం చేయాలి? మూడింటికీ ఒకచోట జవాబు ఉంటే మంచిదని ఇది రాస్తున్నాను.

నా అనుభవంలో ఈ కూడికలో కన్ను వేసి ఉంచవలసిన చోట్లు రెండే. ఒకటి గర్భిణి కూర్చునే కుర్చీ, రెండోది ఎంగిలి విస్తళ్ళు పడే మూల. స్టేజీ అలంకరణ గురించి మీరు పడే ఆందోళనలో సగం ఈ రెండింటికీ కేటాయించండి.

కావలసినవి

కింది కొలతలు అరవై మందికి, అంటే దగ్గరి బంధువులు, సంఘస్థులు కలిసిన మధ్యరకం కూడికకు సరిపోతాయి.

- అన్నానికి బియ్యం 7 కిలోలు, కందిపప్పు 2 కిలోలు, ఎముకతో కూడిన కోడిమాంసం 9 కిలోలు, పెరుగు 6 లీటర్లు
- చలిమిడికి పచ్చి బియ్యం 1 కిలో, బెల్లం 700 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, ఒక చిన్న కొబ్బరికాయ, గసగసాలు, ఏలకులు
- వీపు ఆనించుకోవడానికి వీలున్న చేతుల కుర్చీ, ఒక దిండు, పాదాల కింద పెట్టుకోవడానికి చిన్న పీట
- అడ్డాకు విస్తళ్ళు 75
- బిగుతైన మూత ఉన్న పెద్ద డ్రమ్ములు రెండు
- కుక్కకు గొలుసు, నీళ్ళ గిన్నె, తలుపు మూసుకునే ఒక గది
- సబ్బు, కుళాయి నీరు అందుబాటులో ఉండే చోటు
- దగ్గరలోని పశువైద్యుడి ఫోన్ నంబరు, ముందురోజే రాసిపెట్టుకున్నది

1. తేదీని, వేళను గర్భిణి శరీరానికి తగినట్టు నిర్ణయించండి

ముహూర్తాలు పాటించని ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళు అయిదు, ఏడు, తొమ్మిది అంటూ బేసి నెలనే కోరుకుంటారు. దానిమీద వాదన పెట్టుకోనక్కరలేదు; ఏడో నెల అన్నివిధాలా అనుకూలమైనదే. తొమ్మిదో నెలకు వాయిదా వేస్తే కాళ్ళవాపు, ఆయాసం ఎక్కువై ఆమె గంటసేపు కూర్చోలేకపోవచ్చు, కాన్పు ముందుగా వచ్చే అవకాశమూ ఉంటుంది. రక్తపోటు, మధుమేహం, మాయ కిందికి ఉండటం వంటివి వైద్యులు చెప్పి ఉంటే తేదీ ఖాయం చేసేముందు వారిని అడగండి. పలాస నుంచి విజయనగరానికి ఆమెను ప్రయాణం చేయించడం కంటే, ఆమె ఉన్న ఊరి చర్చిలోనే కూడిక పెట్టి చుట్టాలను అక్కడికి రప్పించడం మేలు.

వేసవిలో అయితే సాయంత్రం అయిదు తరువాత, మిగతా కాలాల్లో ఉదయం పది గంటలకు మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరు నెలల్లో పెట్టుకునేవారు షామియానాను నమ్ముకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ ప్రాంతాన్ని ఎలా ఊపేశాయో చూసినవాళ్ళమే కాబట్టి, ఆ నెలల్లో పైకప్పు ఉన్న హాలును, కరెంటు పోతే పనికొచ్చే దీపాలను ముందే చూసి ఉంచుకోవాలి.

2. సంఘకాపరితో ముందుగా మాట్లాడండి

గాజులు తొడగడం, పసుపు రాయడం, పూలజడ వేయడం కొన్ని సంఘాల్లో అభ్యంతరం కాదు, మరికొన్నింటిలో చర్చి ఆవరణలో ఒప్పుకోరు. అమ్మాయి అత్తవారిది ఒక సంఘం, పుట్టింటివారిది మరొక సంఘం అయినప్పుడు ఈ విషయం కూడిక మధ్యలో బయటపడి ముఖాలు ముడుచుకోవడం నేను చూశాను. రెండు వైపుల పెద్దలూ కలిసి పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి, ఏది చర్చిలో జరగాలి, ఏది ఇంటి దగ్గర జరగాలి అని తేల్చుకుంటే సరిపోతుంది. ఆరాధన భాగం గంటంబావుకు మించకూడదని కూడా అప్పుడే వినయంగా చెప్పండి. రెండు పాటలు, ఒక వాక్యభాగం, ఆశీర్వాద ప్రార్థన చాలు. మరియ ఎలీసబెతును చూడబోయిన ఘట్టం ఎక్కువమంది ఎంచుకుంటారు. ఇద్దరు గర్భిణులు కలుసుకున్న సందర్భం కనుక అది కూడికకు చక్కగా అతుకుతుంది.

3. గర్భిణి కుర్చీ

కుర్చీ ఫ్యానుకు ఎదురుగా, మరుగుదొడ్డికి దగ్గరగా, బయటకు పోయే దారి పక్కగా ఉండాలి. స్టేజీ మధ్యలో రంగురంగుల సింహాసనం వేసి, చుట్టూ పూలకుండీలు పేర్చి, ఆమె లేవాలంటే నలుగురు కుండీలు జరపవలసిన పరిస్థితి తీసుకురావద్దు. నేలమీద పీట వేసి కూర్చోబెట్టడం చూడముచ్చటగా ఉంటుంది గాని, ఏడో నెలలో కిందనుంచి లేవడం ఎంత కష్టమో అడిగి తెలుసుకోండి. వీపు వెనుక దిండు, పాదాల కింద పీట పెట్టాలి. ప్రతి అరగంటకు ఒకసారి ఆమె లేచి నాలుగడుగులు వేసేలా ఒక తోడును నియమించాలి. అక్కో వదినో అయితే మంచిది, ఎందుకంటే అత్తగారికి చెప్పుకోలేని అవసరాలు కొన్ని ఉంటాయి.

కూడిక అయ్యేవరకు ఆమెను ఉపవాసం ఉంచవద్దు. అందరి తరువాత తినాలనే మొహమాటం వద్దు. బయలుదేరే ముందు తేలికగా ఏదైనా తినిపించి, విందులో మొదటి పళ్ళెం ఆమెకే వడ్డించండి.

అంతా సరిగా ఉందా అని చూసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. కూడిక ముందురోజు మీరే ఆ కుర్చీలో పావుగంట కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా లేచి మరుగుదొడ్డి వరకు నడిచి చూడండి. దారిలో వైరుగాని, గడపగాని కాలికి తగిలితే అక్కడ మార్పు చేయాలి.

4. చలిమిడి

పచ్చి బియ్యాన్ని ముందురోజు రాత్రి నానబెట్టి, ఉదయం నీరు వంపి, గుడ్డమీద పది నిమిషాలు మాత్రం ఆరబెట్టండి. పూర్తిగా ఆరితే పిండి పొడిబారి చలిమిడి రాయిలా తయారవుతుంది. చేత్తో పట్టుకుంటే తడి తెలియాలి, అరచేతికి నీరు అంటకూడదు. మర పట్టించి, జల్లించి, గిన్నెలో అదిమి మూతపెట్టండి. ఒక గుప్పెడు పిండిని విడిగా దాచండి. దాని అవసరం చివర్లో వస్తుంది.

బెల్లాన్ని గ్లాసుడు నీటిలో కరిగించి, వడగట్టి, పాకం పట్టండి. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి ఒక చుక్క పాకం వేసినప్పుడు అది కరగకుండా, వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తని ఉండగా రావాలి. ఉండ గట్టిగా టక్కుమంటే ముదిరిపోయినట్టే, అప్పుడు కొద్దిగా నీరు పోసి మళ్ళీ మరిగించండి. సరైన పాకం రాగానే పొయ్యి కట్టేసి, నేతిలో వేయించిన కొబ్బరిముక్కలు, గసగసాలు, ఏలకుల పొడి, నెయ్యి వేసి, పిండిని కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి. ఇంకా కాస్త జారుగా ఉండగానే ఆపేయాలి, చల్లారాక అదే బిగుసుకుంటుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: వేడిమీద సరిగ్గా ఉన్నదని మురిసిపోతారు, గంట తరువాత అది విరగ్గొట్టవలసిన అచ్చు అవుతుంది.

గట్టిపడితే గోరువెచ్చని పాలు చిలకరించి, వేడి నెయ్యి వేసి మర్దించండి, కాని పాలు కలిపినది ఆ పూటే అయిపోవాలి. జారుగా మిగిలితే దాచిన గుప్పెడు పిండి కలపండి. కిలో బియ్యానికి దాదాపు రెండు కిలోల చలిమిడి వస్తుంది, మనిషికి నిమ్మకాయంత ఉండ చొప్పున అరవై మందికి సరిపోతుంది. మధుమేహం ఉందని తేలిన గర్భిణికి వేడుకకు చిటికెడు నోట పెట్టి ఊరుకోండి. కడుపు చలవ కోసమంటూ ఇంకో ఉండ తినమని ఎవరూ బలవంతం చేయకుండా తోడుగా ఉన్న అక్కకు ముందే చెప్పి ఉంచండి.

5. వంట

కొలతలు పైన చెప్పాను. మన ప్రాంతపు విందుకు తగినట్టు పనసపొట్టు కూర, పప్పు, కోడికూర, చారు, పెరుగు, బెల్లం పాయసం పెడితే ఎవరికీ లోటుండదు. పాయసంలో పలాస జీడిపప్పు ధారాళంగా వేసి, కిస్‌మిస్ మానేయండి. కారణం 8వ అంచెలో చెబుతాను.

వండిన అన్నం, కూరలు పొయ్యి దించిన రెండు గంటల్లోపు, మండువేసవిలో అయితే గంటలోపు వడ్డన అయిపోవాలి. ప్రార్థన పదకొండున్నరకు ముగుస్తుందనుకుంటే అన్నం పదకొండుకు దిగాలి గాని, వంటవాళ్ళ తీరికను బట్టి ఎనిమిదింటికే దించేసి మూతపెట్టకూడదు. మూతకింద గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో పుట్టే సూక్ష్మజీవుల విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆలస్యం తప్పదనిపిస్తే కూరలను సన్నసెగమీద పొగలు వచ్చేంత వేడిగానే ఉంచండి, అన్నాన్ని రెండు విడతలుగా వండించండి.

6. కుక్కను, పిల్లిని ముందే సర్దండి

విందు ఇంటి దగ్గర అయితే ఈ అంచె తప్పనిసరి. ఉదయాన్నే కుక్కను నడిపించి, దాని తిండి అది తినేలా చేసి, అతిథులు రాకముందే గదిలో ఉంచి తలుపు మూయండి. కడుపు నిండిన కుక్క వాసనకు అంత ఆరాటపడదు. గేటు దగ్గర గొలుసుతో కట్టేయడం పొరపాటు: కొత్తవాళ్ళు, పరిగెత్తే పిల్లలు, మైకు శబ్దం కలిసి ఎంతటి సాధువైన కుక్కనైనా బెదరగొడతాయి. గదికి బయటి గొళ్ళెం వేసి తాళం ఒకరి దగ్గరే ఉంచండి, లేకపోతే పిల్లలు ‘ఒక్కసారి చూసొస్తాం’ అంటూ తలుపు తీస్తారు.

పిల్లి విషయంలో ఇంకో సంగతి. దాని మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు, గర్భంలోని బిడ్డకు అది హాని చేయగలదు. అంతమాత్రాన పిల్లిని ఇంట్లోంచి తరిమేయనక్కరలేదు. దాని మట్టిడబ్బాను గర్భిణి కాకుండా వేరొకరు రోజూ శుభ్రం చేయాలి. మలంలోని క్రిములు అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక రోజూ తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. పెరటి ఆకుకూరలను రెండుమూడు నీళ్ళలో కడగడం కూడా ఇందుకే.

వంటపాత్రల మూతలపై బరువు పెట్టండి. మూత జరిపే విద్య పిల్లులకు మనకంటే బాగా తెలుసు. ఏ గిన్నెలోనైనా జంతువు మూతి పెట్టిందని తెలిస్తే, పైపైన గరిటెతో తీసేసి మిగతాది వడ్డించవద్దు, ఆ గిన్నె మొత్తం పక్కన పెట్టేయండి. వంటవాళ్ళు మీ మొహం చూసి ‘ఏం కాదమ్మా’ అంటారు. మీరు ఒప్పుకోవద్దు.

7. ఎంగిలి విస్తళ్ళు

సీతంపేట వైపు నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్ళు వేడి కూరకు తట్టుకుంటాయి, పారేసినా మట్టిలో కలిసిపోతాయి. ప్లాస్టిక్ పూత పళ్ళాలకంటే అవే వాడమని చెబుతాను. అయితే మంచి విస్తరి వేసినంత మాత్రాన పని పూర్తికాదు, తిన్న విస్తరి ఎక్కడ పడుతుందో అదే అసలు సంగతి. పెరట్లో బావిగట్టు పక్కన కుప్ప పోస్తే గంటలో వీధికుక్కలు, కాకులు, పందులు చేరతాయి. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి రోడ్డుమీద పెడితే ఆవులు సంచితో సహా మింగుతాయి.

రెండు డ్రమ్ములను వడ్డన పంక్తి చివర పెట్టి ఒకదానిలో ఎముకలు, రెండోదానిలో విస్తళ్ళు వేయించండి. ఎముకల డ్రమ్ము దగ్గర ఒక పెద్ద మనిషిని నిలబెట్టండి. ఈ పనికి పిల్లలను పెట్టవద్దు, వాళ్ళు పది నిమిషాల్లో మాయమవుతారు. పంక్తి లేచిన ప్రతిసారీ మూత బిగించాలి. ఆఖరి పంక్తి ముగిశాక ఎముకలను మోకాలిలోతు గొయ్యిలో పూడ్చి పైన రాళ్ళు పెట్టండి, లేదా పట్టణంలో అయితే చెత్తబండి వచ్చేవరకు మూత తీయకండి. గదిలోని కుక్కను విడిచేముందు పెరడంతా ఒకసారి తిరిగి, బల్లల కింద, వాష్‌బేసిన్ పక్కన, పిల్లలు కూర్చున్నచోట పడిన ముక్కలు ఏరేయాలి.

ఇంత చెప్పడానికి కారణం మా ఇంట్లోనే జరిగింది. మూత లేని బకెట్టును నేనే నూతి దగ్గర మరిచాను. మా కుక్క కోడిఎముకలు నమిలి, రెండు రోజులు ఏమీ తినకుండా మూల కూర్చుంది, విరేచనానికి ముక్కుతూ రక్తం వేసింది. ఎక్స్‌రే తీస్తే పేగులో ఎముక పేడు కనిపించింది. బతికింది గాని, ఆ తప్పు కుక్కది కాదు.

8. పొరపాటు జరిగిపోతే

ముందు మూడు విషయాలు కాగితంమీద రాయండి: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది. తరువాత దాని బరువు చూడండి. కుక్కను ఎత్తుకుని తూకంమీద నిలబడి, వచ్చిన దానిలోంచి మీ బరువు తీసేస్తే చాలు. పశువైద్యుడు ఫోనులో మొదట అడిగేవి ఇవే. పల్లెల్లో ఉన్నవారు పశువైద్య సహాయం కోసం 1962 నంబరుకు కూడా చేసి అడగవచ్చు.

వండిన కోడిఎముక: ఉడికిన ఎముక పేడుల్లా విరుగుతుంది. వాంతి చేయించవద్దు, పైకి వచ్చేటప్పుడు కూడా గీరుతుంది. వాంతులు, పొట్ట ఉబ్బడం, విరేచనంలో రక్తం, తిండి మానేయడం ఏది కనిపించినా ఆగకుండా తీసుకువెళ్ళాలి.

కిస్‌మిస్: కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు తింటే పరవాలేదనే కొలత లేదు. కుక్క ఆరోగ్యంగా కనిపిస్తున్నా వెంటనే ఫోన్ చేయాలి. పాయసంలో వద్దన్నది ఇందుకే.

ఉల్లి, వెల్లుల్లి: కూర గ్రేవీలో ఇవి నిండుగా ఉంటాయి, వండినా వీటి దోషం పోదు. కుక్కల్లో కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి, పిల్లుల్లో 5 గ్రాములే ఎర్రరక్తకణాలను పాడుచేయగలవు. లక్షణాలు అదే రోజు రావు, కొన్ని రోజుల తరువాత చిగుళ్ళు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం మొదలవుతుంది. అప్పటికి విందు సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు.

చాక్లెట్ కేకు: పది కిలోల కుక్క వంద గ్రాముల పాల చాక్లెట్ తింటే దడ, వాంతులు, నిలకడలేకపోవడం మొదలవవచ్చు. నల్లటి చాక్లెట్ అంతకంటే చాలా తక్కువకే ప్రమాదం.

ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం, ‘విరుగుడు’ అంటూ పాలు, నెయ్యి పట్టడం, మన పారాసిటమాల్ మాత్ర ముక్క వేయడం మన దగ్గర చాలామంది చేసేవే. మూడూ మానేయండి. ఉప్పు దానికదే విషమవుతుంది, పారాసిటమాల్ పిల్లి ప్రాణమే తీస్తుంది.

హడావిడిలో కుక్కగాని, పిల్లిగాని ఎవరినైనా కరిచినా, రక్తం వచ్చేలా గీరినా గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి. గడియారం చూసి పావుగంట, అంచనాగా కాదు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి పెట్టకండి, కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్ గురించి కూడా అడగండి. కరిపించుకున్నది గర్భిణి అయినా టీకా వేయించవచ్చు, కాన్పు అయ్యాక చూద్దామని వాయిదా వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

9. కానుకలు

ఎవరు ఏమిచ్చారో ఒక పుస్తకంలో రాయడానికి అందమైన దస్తూరి ఉన్నవారిని కూర్చోబెట్టండి. బిడ్డకు ఏం తేవాలని అడిగిన బంధువులకు, మెత్తని నూలుగుడ్డలు తెమ్మని చెప్పండి. చాలాసార్లు ఉతికిన పాత నూలుచీర అన్నిటికంటే మంచిది. తేనె సీసా ఎవరైనా ఇస్తే పెద్దవాళ్ళు వాడుకోవాలి, ఏడాది నిండని బిడ్డ నోట పెట్టకూడదు.

10. మరునాటి నుంచి చూడవలసినవి

మరునాడు గర్భిణిని కాళ్ళవాపు, తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి ఉన్నాయా అని అడగండి. అలసటే కదా అని వదిలేయకుండా, ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, బండి దొరకకపోతే 108కి చేయండి. విందు తిన్నవారిలో ఇద్దరుముగ్గురికి వాంతులు, విరేచనాలు అయితే వండి దించిన వేళలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి, తప్పు సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

కుక్క కూరగ్రేవీ నాకిందన్న అనుమానం ఉంటే వారం రోజులపాటు ఉదయం దాని పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీరంగులో ఉండి, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లగానే ఉండిపోతే ఆరోజే పశువైద్యుడి దగ్గరకు వెళ్ళి, కూడిక తేదీని, కూరలో ఉల్లి ఉన్నదన్న విషయాన్ని మరవకుండా చెప్పండి.